పొడిగుడ్డ

పెట్టెలు ఏడు.
మోసింది నేనే, తోపుడుబండి మీద,
పట్టపగలు, మూడో పీరియడ్ మధ్యలో.
జిల్లా ఆఫీసు నుంచి వచ్చినాయన
ఒక్కో పుస్తకం పేరు చదవడం, కాగితం మీద టిక్కు పెట్టడం,
నా చేతికివ్వడం.
పిల్లలు బల్లల మీద చేతులు పెట్టుకుని చూస్తున్నారు.
ఒఫీలియా టీచరు కిటికీ వైపు తిరిగి నిలబడింది.
క్లాసులో ఎప్పుడూ కునికే హెనారో
"సార్, అది నేనింకా సగమే చదివాను" అన్నాడు.
ఎవరూ నవ్వలేదు.

నిషేధం కాదట.
నేను అడగకపోయినా కారిడార్లో ఆయనే చెప్పాడు,
"నిల్వ ఉంచుతున్నాం, అంతే."
గోదాములో, విరిగిన కుర్చీల పక్కన,
క్రిస్మస్ తోరణాల కింద
నిల్వ ఉంచాను.
తాళంచెవి నా నడుముకే వేలాడుతోంది.

అరిజోనా దక్షిణపు అంచున
ఈ ఊరు రాగి మీద లేచింది.
ఉంచిన చరిత్ర పుస్తకంలో ఆ మాట ఉంది,
ఎన్ని టన్నులో కూడా ఉంది.
ఎవరు తవ్వారో లేదు.
కూలి పెంచమన్న ఏడాది, జూలైలో,
తెల్లారకముందే తలుపులు బాది
మగవాళ్లను పశువుల రైలెక్కించి
చుక్క నీరు లేని ఎడారిలో దించేసిన సంగతి లేదు.
మా నానమ్మ చెప్పేది, చిక్కుడు గింజలు ఏరుతూ,
రాళ్లు ఒక పక్కకు, గింజలు ఒక పక్కకు.
"చొక్కా గుండీలు కూడా పెట్టుకోనివ్వలేదు" అనేది.
తాత కథ ప్రతిసారీ
ఆ గుండీల దగ్గరే ఆగిపోయేది.
మిగతాది బళ్లో అడిగాను నేను.
స్పానిష్‌లో అడిగినందుకు
చెక్కబద్దతో రెండు తగిలాయి.
ప్రశ్నకు జవాబు అదే అనుకున్నాను, చాలా ఏళ్లు.

బోర్డు మీటింగు రాత్రి పిల్లలందరూ వచ్చారు.
ఒక్కొక్కరికి రెండు నిమిషాలు.
నయేలీ అనే పిల్ల, కాగితం వణుకుతుంటే
ఒక చేతి మణికట్టును రెండో చేత్తో పట్టుకుని చదివింది.
గంట మోగింది. మైకు ఆగింది.
మైకు లేకుండానే కాసేపు చదివింది,
వెనక గోడకు ఆనుకున్న నాకు వినపడింది,
ముందు కూర్చున్న పెద్దలు నీళ్లు తాగారు.
"పిల్లలకు కోపం నేర్పే చదువెందుకు" అన్నాడొకాయన,
ఎంతో మర్యాదగా.
అందరూ వెళ్లాక ఊడ్చింది నేనే.
కుర్చీల కింద ఒక చెవిరింగు, నమిలిన పెన్ను మూత,
నయేలీ కాగితం.
వెనకవైపు కూడా రాసి ఉంది, అంచుల దాకా.
ఆ వైపుకు ఆమె రానేలేదు.

మర్నాడు నాకు చీటీ:
రెండువందల పదకొండో గది, నల్లబోర్డు, రేపటికల్లా శుభ్రం.

రాత్రి పదకొండయింది.
బోర్డంతా పేర్లు. రైలెక్కించిన వాళ్లవి.
మూడు వరసలు, ఎవరి దస్తూరీ వాళ్లది.
రెండో వరసలో, కింది నుంచి నాలుగోది,
మా తాత.
ఉర్కిదెస్, సెబెరో.
ఒక అక్షరం తప్పు.
కంపెనీ గుమాస్తా తన చెవికెలా తోచితే అలా రాసుకున్నాడు,
ఆ తప్పే కాగితం నుంచి కాగితానికి నడుస్తూ
ఇన్నేళ్లకు ఈ గోడెక్కింది.

పదహారేళ్లుగా ఈ బళ్లో సుద్దపొడి దులుపుతున్నాను.
సుద్దముక్క పట్టుకోవడం అదే మొదలు.
వేలితో ఆ అక్షరం చెరిపి
సరైంది రాశాను.
కాస్త పెద్దదైంది, వంకర కూడా.
హెనారో కునికే బల్ల దగ్గర కూర్చుని చూశాను,
ఎంతసేపో తెలీదు.

మా పనిలో ఒక సంగతుంది.
తడిగుడ్డతో తుడిస్తే బోర్డు నిగనిగలాడుతుంది,
ఏమీ మిగలదు.
పొడిగుడ్డతో తుడిస్తే
గుమ్మంలో నిలబడి చూసేవాళ్లకు శుభ్రంగానే ఉంటుంది.
ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం
బల్లల దగ్గరున్న వాళ్లకు
గీతలు తేలతాయి.

బకెట్టులో నీళ్లు పారబోశాను.
చీటీ మీద 'పూర్తయింది' అని సంతకం పెట్టాను,
పూర్తి పేరుతో.

మొదటి పీరియడ్ ఎనిమిదింటికి.
ఆ గదిలోకి ఎండ
ఎనిమిదీ పదికి వస్తుంది.