ఒత్తు

యూనివర్సిటీ క్రాస్‌రోడ్డు కాడ
రెండు జిరాక్సు మిషన్ల నడుమ నా కుర్చీ.
పదహారేండ్లల్ల ఎవలెవలి థీసిస్సులో కొట్టిన:
మిరప తెగులు మీద మూడు,
చెరువుల మీదనైతే లెక్క మరిచిన.
వాళ్ల పేర్ల ముంగట డాక్టర్ చేరింది,
నా చిటికెన వేలు మీద
షిఫ్టు బటను ఒక కాయ కాయించింది.

తెలుగు టైపు జేసెటోళ్లకు ఎరుకే,
ఒత్తు పడాలంటే ఒత్తాలె.
కష్టం అని కొట్టాలంటే
చిటికెన వేలు వంగి లేవాలె.
సుఖంల గూడ ఒత్తున్నది, ఏం జేస్తం.

మొదట తిమ్మిరి.
బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు.
పని జేసింది ఒకటి, శిక్ష పడ్డది వేరేటియాటికి.
రాత్రి రెండింటికి లేచి
చెయ్యి నాది గానట్టు దులుపుకునేది.
ఒకనాడు చాయ్ గ్లాసు జారి
ఎవలిదో సినాప్సిస్ మీద ఒలికింది.
ఆయన కాయితం దిక్కు చూసిండు,
నేను చెయ్యి దిక్కు చూసిన.

ఒకప్పుడు కరెంటు పోయేది.
తిట్టుకుంటనే బయటికొచ్చి
మెట్ల మీద కాళ్లు చాపుకొని కూసునేది.
ఇప్పుడు పోదు, పోయినా ఇన్వర్టర్.
మంచిదే.
కాని ఆ చీకటి ఎంత మంచి మందో
అప్పుడు తెల్వలే.

మొన్న కొత్తవాడ నుంచి ఎలగం ఓదెలు వచ్చిండు,
సొసైటీ అప్పుకు దరఖాస్తు కొట్టియ్యమని.
యాభై ఏండ్లు జంపఖానాలు నేసిన మనిషి.
తెర దిక్కు చూడలే,
నా మోచేతుల దిక్కే చూసుకుంట కూసున్నడు.
"బిడ్డా, ఈ బల్ల ఎవల కొలతకు జేసిండ్రు?"
"దుకాన్ల కొన్నరు కాకా."
నవ్విండు.
"మగ్గం గుంట తవ్వెటప్పుడు
నేసెటోని మోకాలు కొలుస్తం.
మా నాయిన గుంటల నేను కూసుంటే
నడుము పట్టింది.
మన్ను పోసి పూడ్చి, నా కాలుకు మల్ల తవ్వుకున్న.
నువ్వేంది, బల్ల కొలతకు భుజం ఎత్తుతున్నవు?"

జవాబు చెప్పలే.
లబ్ధిదారుడు అన్న మాట కాడ ఉన్న,
చిటికెన వేలు బిజీ.

పైసలిచ్చి పోతపోత గడపల ఆగిండు.
"మాకు పోగు తెగుతది బిడ్డా.
తెగితే ఆగుతం, ముడేస్తం,
గా నడుమల్నే చేతులు ఊపిరి తీసుకుంటయి.
నీ పెట్టెల తెగేదేమున్నది?"

ఆ రాత్రి రెండింటికి
చెయ్యి దులుపుకుంట కూసొని
తెగేది ఏందో లెక్క తేల్చుకున్న.

ఖదీర్ సార్ గునిసిండు గాని
వడ్లాయనను పిలిపిచ్చిన.
బల్ల కాళ్లు మూడు వేళ్ల మందం కోసిండు.
తెర కింద పాత ఓటర్ల జాబితా కట్ట పెట్టిన,
ఎన్నడు ఎవలికి అక్కరకొచ్చినయో గాని
ఇయ్యాల నా మెడను నిలవెట్టినయి.
మౌసును దగ్గరికి గుంజుకున్న.
మణికట్టు బల్ల అంచును ఒరుసుకోకుండ
గాలిల తేలాలె, కొంగ కాలు లెక్క.

అరగంటకోపారి "పోగు తెగింది" అంట,
లేస్త.
పిడికిలి బిగిచ్చి ఇడుస్త, భుజాలు దింపుత,
రోడ్డవతల వేపచెట్టు దాక చూపును తోలుత.
"రేపే వైవా మేడం" అని ఒకాయన మొత్తుకున్నడు.
"తెగింది సార్. ముడేసొస్త."

నొప్పి పోయిందని చెప్ప.
ఎమ్‌జీఎమ్‌ల డాక్టరమ్మ రాత్రి పట్టీ ఇచ్చి
ఇన్నేండ్లు ఏం జేసినవని అడిగింది.
థీసిస్సులు కొట్టిన అని చెప్పలేకపోయిన.

నిన్న కొత్త పిల్ల చేరింది, నౌషీన్.
పంతొమ్మిదేండ్లు. వేళ్లు వడగండ్ల వాన.
కుర్చీల కూసోబోతుంటే ఆపి
టేపు తీసి మోచేయి ఎత్తు కొలిచిన,
మోకాలు కాడికెళ్లి నేల దాక కొలిచిన.
"ఏం కుడుతరక్కా నాకు?" అని నవ్వింది.

"కుట్టుడు గాదు పిల్లా,
గుంట తవ్వుతున్న."