కొమ్ము ఏనుగులు

పర్లాకిమిడిలో చదరంగం కొందామని వెళ్ళాను.
ఆకురాయి పక్కన పెట్టి
దండాసి మహారాణో పెట్టె తెరిచాడు.
వేడెక్కిన కొమ్ము, మాడిన వెంట్రుకల వాసన.

"తెల్లవి సాలవు బాబూ.
ఒక ఏనుగు బరంపురం డాక్టరు గారి బల్ల మీద ఉంది,
రెండోది కరెంటు బిల్లు.
మంత్రిని తాళాల గుత్తికడిగితే ఇచ్చీసినాను.
ఒక శకటుని ఎలక ఎత్తుకుపోనాది."

మిగిలినవి లెక్కపెట్టాను:
రాజు, రెండు గుర్రాలు, ఒకే శకటు, కొన్ని బంట్లు.
ఒళ్ళు జల్లుమంది.

పద్దెనిమిది వందల యాభై ఒకటి, లండన్.
ఒకాయన సరిగ్గా ఇవే, ఇవే
పోగొట్టుకుని,
కాదు, చేతులారా ఇచ్చేసి,
ఆట కట్టించాడు.

నల్లవాటిని వాటి గళ్ళలో నిలబెట్టాను.
గుర్రాలు రెండూ.
చివర్న శకటు, రాజు గుమ్మంలోనే.

దండాసి లేచి అటువైపు వచ్చి
ఓడినవాడి చోట గొంతుక్కూర్చున్నాడు.
చాలాసేపు.
"ఇంత తిన్నాడు కదా,
లెగనేకపోనాడేటి?"

ఆ శకటుకీ బేరం కుదిరిందట, రేపొస్తారట.
దాన్ని తీసి, చొక్కాకి తుడిచి,
మళ్ళీ అదే గడిలో పెట్టాడు.

అమ్మనని అనలేదు.
పెట్టె మూత కోసం మాత్రం
వెతకలేదు.