డ్రమ్ముల మీది పాఠం

షిఫ్టుకు ముందు అరగంట ఇంగ్లీషు.
చిత్తూరు మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో బోర్డు లేదు,
డ్రమ్ముల మీది అడ్రసులే వాచకం.

"హ్యూస్టన్" అన్నాను.
"యూస్టన్" అనింది మొగిలమ్మ,
పసుపెక్కిన గోటితో అక్షరాలు తడుముతా.
హకారం ఆమెకు ఎప్పుడూ జారిపోతాది.

"చికాగోలో గాలి జాస్తి" అని చదివితే
"పూత రాలుస్తాదా సార్, ఆ గాలి?"
నా పుస్తకంలో అంతదాకా లేదు.

సియాటిల్ అంటే వాన, డెట్రాయిట్ అంటే కార్లు...
"బెంగళూరా అంటే కాయ!" వెనకనుంచి ఎవరో.
అందరూ నవ్వినారు, నేనూ.
ఊరినే కోసి ముక్కలు చేసే చేతులకు
ఊర్ల గురించి ఏం చెప్పేది?

సైరన్ మోగింది.
బాయిలర్ పక్కన ఉడుకు గుజ్జు చింది
చెయ్యి కాలితే,
"హ్... హ్..." అని ఊదుకుంటా
నా వైపు తిరిగింది మొగిలమ్మ:
"హ్యూస్టన్!"