మరమ్మతుకు తగదు

లెర్విక్ దాటాక రెండో మలుపులో గొర్రె అడ్డొచ్చింది.
గొర్రె బతికింది.
ఎవరి తాతలో సున్నం లేకుండా పేర్చిన రాతిగోడ
నా కారు మూతిని నమిలేసింది.

పద్దెనిమిదేళ్ల బండి. ఆకుపచ్చ.
మూడో గేరులో ఎత్తెక్కుతుంటే మూలిగేది,
ఆ మూలుగు మంద్ర పంచమం, రవ్వంత ఎక్కువ.
ఈ షెట్లాండ్ దీవుల్లో పియానోలకు శ్రుతి చేసేది నేనే,
రోడా ఇంక్‌స్టర్‌ని.
ఈ ఒక్క విషయంలో నా మాట నమ్మొచ్చు.

పదకొండో రోజు గ్లాస్గో నుంచి ఫోను.
కుర్రాడి గొంతు. పేరు కీరన్.
ముందు నా మెడనొప్పి గురించి అడిగాడు.
తర్వాత మెల్లగా, పడుకున్నవాళ్ల మీద దుప్పటి లాగినట్టు,
"చట్రం వంగిందండీ.
బాగుచేయాలంటే మూడు వేల రెండు వందల పౌండ్లు.
బండి ఖరీదేమో పదకొండు వందల నలభై.
మరమ్మతుకు తగదని తేల్చాం."

అందులో నా వంతు కోత రెండు వందల యాభై.

ఏమేం కలిపి లెక్కేశావు నాయనా అని అడగబోయాను.
ఎడమ తలుపు లోపల్నుంచే తెరుచుకుంటుంది, అది కలిపావా?
యెల్ దీవి పడవ కోసం వరసలో ఆగి
స్టీరింగ్ మీద పెట్టుకు తిన్న చల్లటి బన్నులు?
వాటి పొడి ఇంకా ఆ సందుల్లోనే ఉంది.
"మైళ్లెన్ని వేశారు?" అన్నాను చివరికి.
"తొంభై నాలుగు వేలు."
"ఎనభై ఒకటి. మళ్లీ చూడు."

ఇలాంటి బండి ఈ దీవుల్లో పదహారు వందలకు తక్కువ లేదని
మూడు ప్రకటనలు కత్తిరించి పంపాను.
అబర్డీన్‌లో చవక, నిజమే,
మరి ఓడ ఛార్జీ ఎవరిస్తారు?
చచ్చిన గేదె పగిలిన కుండెడు పాలిచ్చేదన్నట్టు
బ్రేకుల్ని పొగిడాను, కొత్త టైర్లను పొగిడాను.
"ఓడ ఖర్చు విలువలోకి రాదండీ," అన్నాడు కీరన్.
వాడికీ బండికీ మధ్య సముద్రం లేదు మరి.

రాత్రి ఆ మాట చెవిలో మోగుతూనే ఉంది.
మరమ్మతుకు తగదు.
ఎక్కడో విన్నాను.
విన్లేదు. అన్నాను.

పన్నెండేళ్ల కిందట, యెల్‌లో, బార్బరా లీస్క్ ముందుగదిలో.
టార్చి వేసి చూశాను. మేకులు దిగిన దుంగ నిలువునా చీలింది.
మూత నెమ్మదిగా దించి
ముందు ఆవిడ మోకాలి గురించి అడిగాను.
తర్వాత చెప్పాను, ఇదే గొంతుతో:
బాగుచేస్తే నాలుగు వేలు,
అమ్మితే మోసినవాళ్ల కూలి కూడా రాదు.
"నడుమ ఈ ఒక్క మెట్టు బాగానే పలుకుతోందే," అందావిడ.
"ఒక్కదానితో ఏం వాయిస్తారు?" అన్నాను.
నవ్వాను కూడా అనుకుంటా.
ఫీజు ఇచ్చింది, పైన అరడజను గుడ్లు.
తీసుకున్నాను.

నా నోటుబుక్కులో అలాంటి ఇంటూ గుర్తులు
నలభై మూడు.

కీరన్ మళ్లీ చేశాడు. పదమూడు వందల తొంభై, ఇదే ఆఖరు.
బండి నేనే ఉంచుకుంటే అందులో రెండు వందల పది కోత.
తీసుకుపొమ్మన్నాను.
రేవు పక్క యార్డులో సామాన్లు ఏరుకుంటుంటే
సీటు కింద శ్రుతిదండం దొరికింది,
రెండేళ్లుగా వెతుకుతున్నది.
వంగిన బానెట్ అంచుకు కొట్టాను.
కాపలా గిబ్బీ సిగరెట్ దించి నావైపు చూశాడు.

ఇంటికొచ్చి బార్బరాకి ఫోన్ చేశాను.
పియానో ఉందా?
ఉందట, పశువుల కొట్టంలో. కోళ్లు గుడ్లు పెడుతున్నాయట.
ఆ ఒక్క మెట్టు?
"ఉండు," అని ఫోను బల్ల మీద పెట్టింది.
కర్ర చప్పుడు. తలుపు. గాలి.
చాలాసేపు గాలే.
కోళ్లు గోల చేశాయి.
ఆ వెనక, దూరంగా, ఒక స్వరం.

కాస్త దిగింది.
శనివారం వస్తానన్నాను,
బస్సు, పడవ, మళ్లీ బస్సు.