అతుకు

ఆ సినిమా గురించి అడగటానికొచ్చిన కుర్రాడు
మైకు నా చొక్కాకి తగిలించి
"క్లాసిక్ కదండీ" అన్నాడు.
ఏమో బాబూ.
నాకు తెలిసిందల్లా ఒక తెల్ల అంబాసిడర్.
ఆటోనగర్లో నా షెడ్డు ముందు
తాళం దానికే వదిలేసి నిలబెట్టారు.
నడిమికి కోయమన్నారు.

ముందు సీట్లో మొగుడు, వెనక సీట్లో పెళ్లాం,
ఇద్దరి మధ్యా ఎటూ చెందని పిల్ల,
కథ అది.
వాళ్ల మొహాలు కెమెరాకి అందాలంటే
కారు రెండు ముక్కలవ్వాలిట.
డైరెక్టర్ ఇందుశేఖరంగారే సుద్దముక్కతో
డోరు పక్కన గీత గీశారు.
గీత వంకరపోయింది.
"పాత బండే కదండీ" అన్నాను.
"మా నాన్నది" అన్నారు.

గ్యాస్ కట్టర్ వెలిగించాను.
ఇనుము కోస్తే ఏడవదు, బుసకొడుతుంది.
పైకప్పు గుడ్డ అంటుకుంటే
తడి గోనె కప్పి ఆర్పాం.
పొద్దుగూకేసరికి ఒకదానికి స్టీరింగు,
ఒకదానికి డిక్కీ.
ఏదీ ఎక్కడికీ పోలేదు.

సినిమాలో వాళ్లు గుంటూరులో బయల్దేరి
ఇచ్ఛాపురం దాకా పోతారు, మూడు రోజుల దారి.
మేం పోయింది కాజ నుంచి పెదకాకాని.
ఇరవై రెండు రోజులు, అదే తారు,
అవే తుమ్మచెట్లు,
లారీ వెనక ట్రాలీ మీద సగం కారు.
పెయింటర్ పిచ్చేశ్వర్రావు ఒకటే మైలురాయి మీద
పొద్దున తుని అని రాసేవాడు,
మధ్యాహ్నం సున్నం కొట్టి నరసన్నపేట.
షూటింగయ్యాక తుడవటం మరిచాడు.
ఏడాదిపాటు కొత్త లారీ డ్రైవర్లు
నంబూరు దగ్గర దిగి, టీ చేత్తో పట్టుకుని
"ఇంతకీ ఎటు పోతున్నాం?" అని అడిగేవాళ్లు.

పన్నెండో రోజు, పెళ్లాం వేషం కట్టినావిడ షాట్.
హీరోకి మద్రాసులో డబ్బింగు, రాలేదు.
ముందు సీటుండాల్సిన చోట గాలి.
గాలిని చూస్తూ ఏడవలేనందావిడ.
"బాజీ, నువ్వు కూచో. వీపు అటు పెట్టి
ఈ మాట చెప్పు."
కాగితం మీద నేను కూడబలుక్కుంటుంటే
అసిస్టెంటు చెవిలో అందించాడు.

ఆవిడ అంది: "కారాపు. నేనిక్కడే దిగిపోతాను."
నేననాలి: "ఇంకాస్త దూరం. టీ కొట్టు వచ్చేదాకా."

అంతే మాట.
ఎనిమిదిసార్లు చెప్పాను, రోడ్డు వైపు చూస్తూ,
గ్రీజు చేతులు ఒళ్లో పెట్టుకుని.
ఎనిమిదిసార్లూ వెనక ఏడుపు.
తొమ్మిదోసారి నాకు గొంతు పెగల్లేదు.
ఎండదెబ్బనుకున్నారు. మజ్జిగిచ్చారు.

అంతకు మూడేళ్ల ముందు మా ఖాసింబీ
పాత బస్టాండులో పొన్నూరు బస్సెక్కింది,
చంకలో పిల్లాడు.
నేను కింద పడ్డ స్పానరు వెతుకుతున్నట్టు
వంగి ఉన్నాను.
ఒక్క టీ కొట్టూ గుర్తుకు రాలేదు.

చివర్లో కారు మళ్లీ ఒకటి కావాలన్నారు.
బ్యారేజీ మీద తెల్లవారు షాట్,
గేట్లన్నీ దాటుకుంటూ పోవాలి.
రాత్రంతా వెల్డింగు.
"కనపడకూడదు బాజీ" అన్నారు ఇందుశేఖరంగారు.
రుద్ది, పుట్టీ పెట్టి, రంగు కొట్టాను.
వానకి కారేది, అది వేరే సంగతి.
కానీ నడిచింది. రెండు ముక్కలూ కలిసి
కృష్ణ దాటాయి.

సినిమా గాంధీనగర్లో తొమ్మిది రోజులు ఆడింది.
ఎప్పుడో టీవీలో వేశాక గొప్పదన్నారు.
అప్పటికి ఆయన లేరు.

టీవీలో వచ్చిన వారానికి
ఖాసింబీ అన్న కొడుకు షెడ్డుకొచ్చాడు, స్కూటరు బాగు చేయించుకోను.
అత్త చూసిందన్నాడు.
ఏమంది, అన్నాను, ప్లగ్గు ఊదుతూ.

"ఆఖర్న కారు బ్యారేజీ ఎక్కినప్పుడు
పైకప్పు మీద అతుకు కనపడతా ఉంది.
మీ మామ సరిగ్గా రుద్దలేదు" అందట.

బాబూ, ఇది మైకులో పడిందా?
పడితే ఉంచు.
ఇన్నేళ్లలో ఇంకెవరూ చూళ్లేదది.