తోడు

పొందూరు తువ్వాలుని మా ఆవిడ రెండుగా చింపింది.
ఒక ముక్క నా మొక్కజొన్న చేలో,
ఒక ముక్క తవిటమ్మ పెరట్లో, వంగమొక్కల మధ్య,
జానెడు లోతున కప్పెట్టి
పుల్ల గుచ్చి వచ్చాను.
మట్టి పరీక్షల కుర్రాడు చెప్పిన చిట్కా:
"రెండు నెలలాగి తవ్వండి నాయుడుగారూ,
నేల బతికుంటే గుడ్డని తినేస్తుంది."

నవ్వుకున్నాను.
చేనికి నేను పెట్టే తిండి తక్కువా?
యూరియా, డీఏపీ, ఏటా రెండు విడతల గడ్డిమందు.

ఒకప్పుడు కలుపుకి పన్నెండుమంది దిగేవారు.
బొరిగెలూ, కబుర్లూ,
పోతూపోతూ కొంగున పొన్నగంటి కూర.
ఇప్పుడు తెల్లారకుండానే
పైడిభీమవరం కంపెనీ బస్సెక్కుతున్నారు.
ఎవర్ని తప్పు పట్టను?
నా నడుము ఒప్పుకోలేదు, వీపు మీద ట్యాంకు ఒప్పుకుంది.
వారం తిరక్కుండా తుంగా ఊదా పండిపోయి పడుకున్నాయి.
ఏడేళ్ళుగా పడుకోబెడుతూనే ఉన్నాను.
కొంగలు చేలో దిగడం మానేశాయి
(దున్నడమే మానేశాం కదా, అందుకే అనుకున్నాను).

నిన్న తవ్వాం.
తవిటమ్మ పెరట్లో పారకి ఏమీ తగల్లేదు.
వెతగ్గా వెతగ్గా
పచ్చ అంచు దారం నాలుగంగుళాలు,
దాన్ని చుట్టుకుని తెల్లటి బూజు,
పక్కనే ఒళ్ళు విరుచుకుంటూ ఒక ఎర్ర.

నా చేలో
ముక్క ముక్కలాగే వచ్చింది.
మరక తప్ప చిరుగు లేదు.
వాలుగ చేప దవడతో దూది ఏకి
వేళ్ళరిగేలా వడికిన నూలు.
మన్నిక చూసి మురవాల్సిన గుడ్డ
చేత్తో పట్టుకుంటే చలేసింది.

"ఒలమ్మ, ఉతుక్కోని బుజానేసుకో బావా!"
నవ్వింది తవిటమ్మ.
నా మొహం చూసి ఆపేసింది.

ఆ జానెడు లోతులో
కంటికానని నోళ్ళు ఎన్ని కోట్లుండేవో.
చచ్చిపోయాయో,
ఆకలి మరిచి ఏ మూలో ముడుచుకున్నాయో
కుర్రాడికీ తెలీదట.
"మందొక్కటే కాదండీ, చొప్ప తగలెట్టడం కూడా..." అంటూ నసిగాడు.
డబ్బా మీద మాత్రం కలుపు బొమ్మ ఒక్కటే ఉంది.

సాయంత్రం ఖాళీ బుట్టతో
తవిటమ్మ గుమ్మంలో నిలబడ్డాను,
పెరుగు తోడుకి గిన్నె పట్టుకెళ్ళినట్టు.
"నీ పెరట్లో మట్టి..."
నింపి తెచ్చింది గానీ వెంటనే చేతికివ్వలేదు.
"తోడియ్యడానికి నాకేటి బాద నేదు.
పాలు ఇరిగిపోనాయేమో, ముందది సూసుకో."

బుట్ట గట్టు మీదుంది, తడి గోనె కప్పాను.
జేబులో కొట్టువాడి చీటీ,
రబీకి రెండు డబ్బాలు అప్పుడే రాసేశాడు.
మబ్బు దిగుతోంది.
ఏ మూల ముందు వెయ్యాలో తెలీక
ఇందాకట్నుంచీ నిలబడే ఉన్నాను.