రెండో పెట్టె

మా దేశానికి సముద్రం లేదు.
పాత యుద్ధంలో పోయింది.
అయినా ఎల్ ఆల్టోలో, మా ప్రయోగశాల మూలన
మొదటి పెట్టెలో సముద్రమట్టపు గాలి ఉంటుంది.
సిలిండరు తిప్పి నేనే కలుపుతాను, రోజూ.

రెండో పెట్టెలో కలపను. తీసేస్తాను,
ఆక్సిజన్ నూటికి ఒక్క వంతు మిగిలేదాకా.

రెండింట్లోనూ ఒకే బొడ్డుతాడు కణాలు.
మంగళవారం తెల్లవారుజామున కన్నది హసింతా.
తాడు ఇస్తూ అంది:
"మా ఇళ్లలో దీన్ని మట్టిలో పాతిపెడతాం. మీరేం చేస్తారు?"
కొన్నాళ్లు అప్పు, అన్నాను.

మైక్రోస్కోపు కింద అవి
రాళ్లు పరిచిన వీధి.
ఒకదాన్నొకటి ఆనుకుని, సందు లేకుండా.
నెత్తురు నడిచే వీధి అది,
తన్ను తానే ఊడ్చుకుంటుంది.
ఎక్కడైనా గడ్డ కడితే
పోగులు తెంపే కత్తెరను
లోపల్నుంచి తనే అందిస్తుంది.

ఒక రాత్రి గడవనిచ్చాను.
తెల్లటి గడ్డ పేరిన పళ్లెం మీద
ఆ కణాలు తడిసిన నీళ్లు, ఒక్కో పెట్టెనుంచి ఒక్కో చుక్క.
మొదటి చుక్క కింద గడ్డ కరిగి
నాణెమంత కన్ను తెరుచుకుంది.
రెండోదాని కింద
ఆవగింజంత.

కత్తెరలు తగ్గాయి.
కత్తెరను పట్టి మూసేసే చేతులు పెరిగాయి.
ఒక్క కణమూ చావలేదు, నిందించడానికీ లేదు.
ఊపిరి కరువైన ఇంట్లో
ముందు ఆగేది చీపురే.

రిపోర్టులో ఇంతవరకే రాస్తాను.
మామయ్య ఎలెయుతేరియో సంగతి రాయను.
ఇంకా వెయ్యి మీటర్ల పైన, తగరం గనిలో,
ఇరవై ఆరేళ్లు.
సూది గుచ్చితే నెత్తురు
పాకంలా బద్ధకించేది.
ఎడమ పిక్క వాచిన రోజు
"బూటు ఇరుకైంది" అన్నాడు.
ఆ బూటు కోసి తీయాల్సి వచ్చింది.

పళ్లెం మనిషి కాదు, తెలుసు.
ఒక్క పొర. దానికి నడక లేదు, గని లేదు,
పిక్క నొప్పిని దాచుకునే మొండితనమూ లేదు.
అయినా తెల్లారేసరికి, లెక్క ముగిశాక,
రెండో పెట్టె తలుపు తీసి
కాసేపు అలాగే నిలబడ్డాను.
లోపలికి వెళ్లింది సముద్రపు గాలేం కాదు,
నేను పీల్చేదే, పలుచటిది.

మిగిలిన తాడు ముక్కను చిన్న డబ్బాలో పెట్టి
హసింతాకు తిరిగిచ్చాను.
"పనికొచ్చిందా?"
ఊపిరున్నంతసేపు బాగా ఊడ్చింది, అన్నాను.
ఆమెకు అర్థం కాలేదు.
బిడ్డ టోపీ చెవులమీదికి లాగుతూ
చలి, తలుపేయమంది.